హైదరాబాద్‌కి పిల్లలతో వస్తున్నారా? ఎక్కడ తినాలి, ఎప్పుడు తినాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా సెలవులు, వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే మా ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఒంగోలు నుంచి మా వదిన, ఖమ్మం నుంచి పిన్ని కూతురు, వాళ్ల పక్కింటివాళ్లు, అందరిదీ ఒకటే మాట: "చార్మినార్, జూ అన్నీ చూపిస్తాం సరే, పిల్లలకి ఎక్కడ తినిపించాలి?" నేను నల్లకుంటలో 14 ఏళ్లుగా ఉంటున్నాను. మా అమ్మాయికి 11, చిన్నోడికి 6. వాళ్లని వెంటేసుకుని ఈ ఊళ్లో తిరిగి నేర్చుకున్నదీ, వచ్చినవాళ్లకి ఫోన్లో చెప్పినదీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అన్నింటికన్నా ముందు ఏం చూసుకోవాలి? రుచా, శుభ్రతా, ధరా?

టైము. ఏ హోటల్ అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఎన్ని గంటలకి అన్నది మాత్రం పొద్దున బయల్దేరేటప్పుడే తేలిపోవాలి.

ఇంటి దగ్గర మీ పిల్లలు పన్నెండున్నరకి అన్నం తింటారనుకుందాం. హైదరాబాద్ వచ్చినా వాళ్ల కడుపుకి అదే పన్నెండున్నర. మనమేమో "ఇంకొక్కటి చూసేసి తిందాం" అంటూ రెండు చేస్తాం. ఆకలి రుచెరుగదు అంటారు గానీ, పిల్లల విషయంలో ఆకలి వేళ దాటిపోతే ఏ రుచీ ఎక్కదు. మూడేళ్ల కిందట ఒక ఆదివారం మేము పేరున్న బిర్యానీ హోటల్‌కి ఒంటిగంటన్నరకి వెళ్లాం. పేరు రాసుకుని బయట నిలబడమన్నారు. లోపల టేబుల్ దొరికేసరికి 50 నిమిషాలు పట్టింది. అప్పటికే చిన్నోడు ఏడ్చి ఏడ్చి నా భుజం మీద నిద్రపోయాడు. లేచాక ఏం పెట్టినా తోసేశాడు, రాత్రి దాకా పాలు తప్ప ఏమీ ముట్టలేదు. బిర్యానీ బాగానే ఉంది. మేం వెళ్లిన వేళే బాగోలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో లెక్క ఇది: బయటికి వెళ్లిన రోజు మధ్యాహ్నం 12 లోపు హోటల్లో కూర్చోవాలి, రాత్రి 7 కల్లా కూర్చోవాలి. ఆ వేళకి టేబుల్ వెంటనే దొరుకుతుంది. వడ్డించేవాళ్లకి మన మాట వినే ఓపిక ఉంటుంది. "బాబుకి కారం లేకుండా" అన్న మాట వంటగది దాకా చేరుతుంది. అదే మాట ఒంటిగంటన్నరకి చెబితే ఆ గోలలో కొట్టుకుపోతుంది.

రెండోది దూరం. మీరు ఏ చోటు చూస్తున్నారో అక్కడికి దగ్గర్లోనే తినండి. చార్మినార్ చూసి, ఎవరో గొప్పగా చెప్పారని హైటెక్ సిటీ దాకా భోజనానికి పోవద్దు. ట్రాఫిక్‌లో గంట దాటుతుంది. పిల్లలు కార్లో పడుకుంటారు, లేదా వాంతి చేసుకుంటారు. రుచి, ధర అన్నీ ఈ రెండింటి తర్వాతే.

హైదరాబాద్ వచ్చి బిర్యానీ తినకుండా ఎలా? పిల్లలకి కారం కదా?

తినండి, పిల్లలకీ పెట్టండి. ఎలా వడ్డించుకోవాలో తెలిస్తే ఇబ్బంది ఉండదు.

హైదరాబాదీ కచ్చి బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చి మాంసం అడుగున వేసి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూత చుట్టూ పిండి పెట్టి దమ్ వేస్తారు. అంటే కారమంతా అడుగున ఉంటుంది. పైన తెల్లగా, అక్కడక్కడ కుంకుమపువ్వు రంగుతో కనిపించే అన్నంలో వాసన ఉంటుంది గానీ ఘాటు తక్కువ. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "పిల్లలకి పైన రైస్ వేయండి, మసాలా తక్కువ" అని అడగండి. ప్లేట్ వచ్చాక మీరు కూడా కలపకుండా పైపైన తీసి పెట్టండి. లవంగం, యాలక్కాయ, చెక్క, పచ్చిమిర్చి ముక్క ఏరేయండి. ముక్కని వేళ్లతో చిదిమి చూసి, ఎముక లేదనుకున్నాకే నోట్లో పెట్టండి. మటన్‌లో చిన్న ఎముక పొడి కూడా ఉంటుంది, చూడకుండా పెట్టొద్దు.

పక్కన ఇచ్చే మిర్చీ కా సాలన్ (పచ్చిమిర్చి పులుసు) పిల్లల జోలికి రానివ్వద్దు. పెరుగు చట్నీలో కూడా ఉల్లిపాయతో పాటు పచ్చిమిర్చి ఉంటుంది, అందుకే విడిగా ఒక కప్పు గడ్డపెరుగు చెప్పుకోండి. పైన రైస్, పెరుగు, ఒక ఉడికించిన గుడ్డు. మా ఇద్దరూ రెండేళ్ల వయసు నుంచి బిర్యానీ తిన్నది ఇలాగే.

ఎంత చెప్పాలన్నది కూడా చాలామంది పొరపడే విషయం. ఇక్కడ "సింగిల్" అంటే ఒక్కరికి ఎక్కువే. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలకి రెండు సింగిల్స్ చాలు. ముందే ఫ్యామిలీ ప్యాక్ చెప్పేసి సగం పారేయకండి. చాలకపోతే ఇంకోటి అయిదు నిమిషాల్లో వస్తుంది.

హోటల్ ఏదంటే, సికింద్రాబాద్‌లో దిగినవాళ్లకి ప్యారడైజ్ సులువు. 1953 నుంచి ఉన్న పేరు, కూర్చోడానికి చోటు బాగా ఉంటుంది, ప్యారడైజ్ పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు ఉంటే బావర్చి. అక్కడ రద్దీ చాలా ఎక్కువ, అందుకని పిల్లలుంటే 12 లోపే వెళ్లాలి. "ఏది బెస్ట్" అని నన్నడిగితే, పిల్లలున్నప్పుడు త్వరగా టేబుల్ దొరికేదే బెస్ట్ అంటాను. బిర్యానీల మధ్య తేడా గురించి పెద్దవాళ్లం వాదించుకుంటాం గానీ, ఆరేళ్లవాడికి ఆ తేడా తెలియదు.

చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం ఒకే రోజు పెట్టుకున్నాం. భోజనం ఎలా?

ముందుగా, శుక్రవారం పెట్టుకోకండి. ఆ రోజు సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కీ అంతే. మక్కా మసీదు దగ్గర జుమ్మా నమాజు రద్దీ కూడా ఉంటుంది.

పొద్దున గదిలో టిఫిన్ గట్టిగా తినిపించి, మ్యూజియం తెరిచే పదింటికి అక్కడుండండి. ఆ గడియారం గది ముందు పిల్లలు కదలరు. గంట కొట్టే వేళకి లోపల్నుంచి గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి వెళ్తుంది. అందరూ 12 గంటలది చూడాలని కూర్చుంటారు. మీరు 11 గంటలది చూసి బయటపడండి. అప్పుడు అఫ్జల్‌గంజ్, మదీనా సెంటర్ వైపు భోజనానికి పన్నెండు లోపే చేరతారు. ఒక్క దెబ్బ తక్కువైనా పిల్లలకి తేడా ఏమీ ఉండదు. పన్నెండింటిది చూసి అందరితో కలిసి బయటికొస్తే మాత్రం, హోటల్లో కూడా ఆ గుంపంతా మన ముందే నిలబడి ఉంటుంది.

మదీనా దగ్గర ఘాన్సీ బజార్‌లో షాదాబ్ ఉంది. పాతబస్తీ బిర్యానీకి పేరున్న చోటు. కుటుంబాలకి పైన విడిగా కూర్చునే చోటు ఉంటుంది, వెళ్లగానే "ఫ్యామిలీ" అని చెప్పండి. శాకాహారులైతే మ్యూజియం నుంచి ఆటోలో కోఠీ, అబిడ్స్ వైపు వచ్చేయడం మేలు. అబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ పాత కాలపు శాకాహార హోటల్. ఇడ్లీ, పూరీ, భోజనం, దేనికైనా పెద్దవాళ్లకీ పిల్లలకీ ఇబ్బంది ఉండదు.

భోజనం అయ్యాక చార్మినార్. 1591లో కట్టిన ఆ కట్టడం పక్కనే, మక్కా మసీదు వైపు, నిమ్రా కేఫ్ ఉంది. ఇరానీ చాయ్ పెద్దవాళ్లకి, వేడివేడి ఉస్మానియా బిస్కెట్ పిల్లలకి. తీపి, ఉప్పు రెండూ కలిసిన ఆ బిస్కెట్‌ని వద్దన్న పిల్లల్ని నేనింతవరకూ చూడలేదు. అక్కడ కూర్చునే చోటు దొరకడం కష్టం, చాలామంది నిలబడే తింటారు. చెయ్యి వదిలితే పిల్లలు జనంలో కలిసిపోతారు కాబట్టి ఒకరు కొనడానికి వెళ్తే ఇంకొకరు పిల్లల్ని పట్టుకుని పక్కకి నిలబడండి. చంటిపిల్లల తోపుడుబండి ఈ వీధుల్లో వద్దు. ఒంటికి కట్టుకుని ఎత్తుకునే క్యారియరే వాడండి.

రంజాన్ నెలలో వస్తే?

పగలు పాతబస్తీలో చాలా హోటళ్లు మూసి ఉంటాయి. ఆ నెలలో మధ్యాహ్నం భోజనం సికింద్రాబాద్, హిమాయత్‌నగర్, అమీర్‌పేట వైపు పెట్టుకోండి. సాయంత్రం హలీమ్ మాత్రం తప్పకుండా రుచి చూపించండి. హైదరాబాదీ హలీమ్‌కి 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. గోధుమలు, పప్పులు, మాంసం, నెయ్యి వేసి గంటల తరబడి ఉడికించి మెత్తగా దంచుతారు కాబట్టి నమలలేని చిన్నపిల్లలు కూడా తింటారు. అయితే అది చాలా బరువైన తిండి. మూడు, నాలుగు చెంచాలు చాలు, రాత్రి వేళ గిన్నెడు పెట్టకండి. ఇఫ్తార్ వేళకి చార్మినార్ చుట్టుపక్కల రద్దీ ఎంతుంటుందంటే, చిన్నపిల్లలతో వెళ్లమని నేను చెప్పను. ఆ నెలలో హలీమ్ ఊరంతా దొరుకుతుంది, మీరు దిగిన చోటికి దగ్గర్లోనే తినండి.

కారం అసలు తినని పిల్లలకి మాంసాహారం ఎక్కడ?

మండీ. ఈ జవాబు విని మా వదిన ఆశ్చర్యపోయింది గానీ, మా ఇంటికొచ్చిన పిల్లలందరికీ బాగా నచ్చింది ఇదే.

పాతబస్తీ దక్షిణాన బార్కస్ అనే పేట ఉంది. నిజాం కాలంలో యెమెన్ నుంచి సైన్యంలో పనిచేయడానికి వచ్చినవాళ్ల సంతతి అక్కడ ఉంటారు. మండీ వాళ్ల తిండి. ఇప్పుడు ఊరంతా మండీ హోటళ్లే. పెద్ద పళ్లెంలో అన్నం పోసి, పైన మెత్తగా ఉడికిన కోడి గానీ మాంసం గానీ పెడతారు. మన బిర్యానీతో పోలిస్తే మసాలా చాలా తక్కువ, మాంసం ఎముక నుంచి దానంతటదే ఊడొస్తుంది. అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినడం పిల్లలకి పండగలా ఉంటుంది. కింద పరుపుల మీద కూర్చునే చోట్లు చాలా ఉంటాయి. నడక నేర్చుకుంటున్న పిల్లలకి అంతకన్నా మంచి చోటు దొరకదు. కుర్చీలోంచి పడతారన్న టెన్షన్ ఉండదు, కాసేపు పాకినా ఎవరూ ఏమీ అనరు.

ఒక్క జాగ్రత్త. మండీతో, షవర్మాతో తెల్లగా మయోన్నైజ్ ఇస్తారు. పచ్చి గుడ్డుతో చేసే మయోన్నైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. ఊళ్లో తిండి వికటించిన ఘటనల తర్వాతే ఆ నిర్ణయం వచ్చింది. నిషేధం గడువు సంగతి ఎలా ఉన్నా, పిల్లల పళ్లెంలో నేను మయోన్నైజ్ వేయను. గుడ్డు లేనిదని చెప్పినా, బయట ఎండలో ఎంతసేపు ఉందో మనకి తెలియదు.

పొద్దున టిఫిన్ ఎక్కడైనా ఫర్వాలేదా?

దాదాపు ఫర్వాలేదు. హైదరాబాద్‌లో పిల్లలతో తిరిగేటప్పుడు అన్నిటికన్నా సులువైన పూట టిఫినే. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, దోసె కాలుతున్న పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి వస్తుంది. వీధి చివర టిఫిన్ సెంటర్లో కూడా రద్దీ ఉంటే ధైర్యంగా తినండి. రద్దీ ఉందంటే పిండి తాజాగా ఉన్నట్టే.

చెప్పేటప్పుడు స్పష్టంగా చెప్పండి: "దోసె ప్లెయిన్, లోపల కారం రాయొద్దు." ఇక్కడ చాలాచోట్ల అడక్కుండానే ఎర్రకారం పూస్తారు. ఉప్మాలో, పొంగల్‌లో మిరియాలు, జీడిపప్పు ఏరాలి. అల్లం చట్నీ తియ్యగా మొదలై తర్వాత మండిస్తుంది, పిల్లలకి వద్దు. కూర్చుని నెమ్మదిగా తినాలంటే బంజారాహిల్స్‌లో మొదలై ఇప్పుడు చాలాచోట్ల ఉన్న చట్నీస్, లేదా హిమాయత్‌నగర్ మినర్వా కాఫీ షాప్ లాంటివి చూసుకోండి. చట్నీస్‌లో స్టీమ్ దోసె నూనె తక్కువగా, దూదిలా ఉంటుంది. పళ్లు రాని బామ్మకీ, పళ్లొస్తున్న మనవరాలికీ ఒకటే తిండి సరిపోతుంది. ఆదివారం మాత్రం తొమ్మిది లోపే వెళ్లండి.

మెస్‌లో భోజనం పిల్లలకి నప్పుతుందా?

చాలా బాగా నప్పుతుంది. "కిడ్స్ మెనూ" కోసం వెతికేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. అందులో ఉండేది బంగాళదుంప వేపుళ్లు, నగెట్స్, నూడుల్స్. మన ఆంధ్రా భోజనంలో పప్పు, నెయ్యి, అప్పడం, పెరుగు ఉన్నాయి. పిల్లలకి అంతకన్నా ఏం కావాలి? ముద్దపప్పు ఉంటే అడగండి, లేకపోతే మామూలు పప్పులో నెయ్యి ఎక్కువ వేసి కలపండి. పప్పుచారు కూడా కారం తక్కువే. గోంగూర, ఆవకాయ, పొడులు మనకి.

ఫుల్ మీల్స్ అంటే ఎంతైనా వడ్డిస్తారు, కాబట్టి ఒక ఆకులో ఇద్దరు తినడానికి ఒప్పుకోరు. అది సబబే. అయిదేళ్ల లోపు పిల్లలుంటే కూర్చోకముందే మేనేజర్‌ని అడగండి. కొందరు "పెట్టండమ్మా, ఫర్వాలేదు" అంటారు, కొందరు ప్లేట్ మీల్స్ ఒకటి విడిగా తీసుకోమంటారు. మధ్యలో గొడవ రాకుండా ముందే తేలిపోవడం మంచిది. ఇంకొక సంగతి, మెస్‌లు మూడు, మూడున్నరకి కట్టేస్తారు. మళ్లీ ఏడు దాకా అన్నం దొరకదు. మధ్యాహ్నం వేళ దాటితే టిఫిన్ హోటళ్లే దిక్కు.

అమీర్‌పేట, లక్డీకాపూల్ చుట్టుపక్కల మెస్‌లు, రాయలసీమ రుచుల హోటళ్లు బోలెడు. రాయలసీమ, గుంటూరు పేరు పెట్టుకున్న చోట కారం ముందే చెప్పి తగ్గించుకోవాలి. పిల్లలకి రాగి సంగటి పెట్టి చూడండి. వేడివేడి సంగటిలో నెయ్యి వేస్తే మా అమ్మాయి ఇప్పటికీ రెండు ముద్దలు తింటుంది.

ఏడాది లోపు పాపతో వస్తున్నాం. ఏం చేయాలి?

తల్లిపాలు తాగే పాపైతే మీరు కూర్చునే చోటే ముఖ్యం. పెద్ద మాల్స్‌లో పాలిచ్చే గదులుంటాయి, మామూలు హోటల్లో గోడ వైపు మూల టేబుల్ అడగండి. ఘనాహారం మొదలుపెట్టిన పాపకి ఉగ్గు పొడి, చిన్న గిన్నె, చెంచా, ఫ్లాస్కు మీ సంచిలో ఉండాలి. ఏ టిఫిన్ హోటల్ వాళ్లయినా ఫ్లాస్కులో మరిగిన నీళ్లు పోసిస్తారు, కాకపోతే అడగాలి. ఇడ్లీ మధ్యలో మెత్తటి భాగం, ఉప్పు వేయని మెత్తని అన్నం దొరికేవే. ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించవద్దు. హోటళ్లలో బేబీ చైర్ ఉంటుందని నమ్ముకుని రావద్దు, ఉన్నచోట దాని బెల్టు తెగిపోయి ఉండొచ్చు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి సిద్ధపడే రండి.

నీళ్లు?

సీసా నీళ్లు, మూత మీద సీలు చూసి. లేదా గది నుంచి కాచిన నీళ్లు. పండ్లరసంలో, చెరుకురసంలో ఐస్ వద్దు. అంతే.

బండి మీద తిండి పెట్టొచ్చా?

నూనెలోంచి, పెనం మీంచి, ఆవిరిలోంచి అప్పుడే తీసి పొగలు కక్కుతూ ఇచ్చేది పెట్టొచ్చు. బండి దోసె, కాల్చిన మొక్కజొన్న పొత్తు, వేడి జిలేబీ. చార్మినార్ దగ్గర గోవింద్ బండి దోసె, నాంపల్లిలో రామ్ కీ బండి దోసె ఊరంతటికీ తెలుసు. వెన్న, చీజ్ దండిగా వేస్తారు, పిల్లలకి సగం చాలు.

పెట్టకూడనివి: పానీపూరీ నీళ్లు, కోసి ఉంచిన పండ్లు, ఎప్పుడో చేసి తెరిచి పెట్టిన చట్నీ. వండిన తిండిని మామూలు వేడిలో రెండు గంటలకి మించి బయట ఉంచొద్దని, తినేదాకా ఉంచాలంటే 60 డిగ్రీలకి పైన వేడిగా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. హైదరాబాద్ మే నెల ఎండలో రెండు గంటలు కూడా ఎక్కువే. అదే బండి, అదే మనిషి, సాయంత్రం ఆరింటికి మొదటి వాయి వేరు, రాత్రి పదింటికి మిగిలిన చట్నీ వేరు.

కూర్చుని తినే హోటల్ అయితే గోడ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉందా చూడండి. నేనైతే దానితో పాటు చేతులు కడిగే చోటు చూస్తాను. సబ్బు, నీళ్లు, ఆరిన నేల ఉంటే లోపల వంటగది మీద కూడా ఎవరో కన్నేసి ఉంచారని అర్థం.

పిల్లలకి బాత్రూమ్ అవసరం పడితే?

ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు గానీ, ఆడపిల్లలున్న తల్లులకి హోటల్ ఎంచుకోవడంలో ఇదే పెద్ద విషయం. పాతబస్తీలో చిన్న హోటళ్లలో బాత్రూమ్ మీద ఆశ పెట్టుకోవద్దు. మ్యూజియంలో వెళ్లొచ్చి బయల్దేరండి. సాయంత్రం హుస్సేన్‌సాగర్, లుంబినీ పార్కు వైపు ఉంటే దగ్గర్లో ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ఉంది, అక్కడ తిండి, బాత్రూమ్ రెండూ దొరుకుతాయి. ఆర్డర్ ఇవ్వకముందే ఒకసారి లేచి వెళ్లి చూసి రండి. బాగోలేకపోతే లేచి పక్క హోటల్‌కి వెళ్లడంలో తప్పేమీ లేదు.

మాల్ ఫుడ్ కోర్టు, బఫే హోటల్?

ఫుడ్ కోర్టు రుచి కోసం కాదు, ఒకరికి దోసె, ఇంకొకరికి నూడుల్స్, తాతయ్యకి పెరుగన్నం కావాల్సిన రోజుకి. వానపడ్డ రోజుకి, మే నెల మధ్యాహ్నానికి కూడా. మాదాపూర్ ఇనార్బిట్, కొండాపూర్ శరత్ సిటీ, కూకట్‌పల్లి నెక్సస్ అలాంటివి. శని, ఆదివారాల్లో సాయంత్రం వద్దు.

బఫేకి చిన్నపిల్లలతో నేను వెళ్లను. డబ్బు కట్టాం కదా అని పెద్దవాళ్లం ఎక్కువ తింటాం, పిల్లలు ఐస్‌క్రీమ్ తప్ప ఏమీ తినరు. వెళ్లాలనుకుంటే పిల్లల ధర ఏ వయసు నుంచో ఫోన్ చేసి అడగండి.

జూ, గోల్కొండ, ఫిల్మ్ సిటీ వెళ్లే రోజు?

జూకి సోమవారం సెలవు. మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నానికి బయటికొచ్చి భోంచేయడం నయం. గోల్కొండకి ఎండ తగ్గాక వెళ్తే పిల్లలు మెట్లెక్కగలరు. ఎక్కే ముందు అరటిపండు, దిగాక టోలిచౌకి వైపు భోజనం. రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద ఊరికి దూరం, రోజంతా లోపలే గడుస్తుంది, తిండి కూడా లోపలే. టికెట్ కొనేటప్పుడే అందులో భోజనం కలిసి ఉందో లేదో, చంటిపిల్లల తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారో లేదో అడిగేయండి. మెట్రో ఎక్కితే బోగీలో తినడానికి ఒప్పుకోరు, స్టేషన్‌లోకి వెళ్లేముందే బిస్కెట్ తినిపించండి.

మా బాబుకి వేరుశెనగ పడదు. ఏం చూసుకోవాలి?

తెలుగు ఊళ్లలో వేరుశెనగ కనబడకుండా ఉంటుంది, అందుకే చాలా జాగ్రత్త కావాలి. టిఫిన్ చట్నీ సగం చోట్ల పల్లీదే. మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ (మసాలా వంకాయ కూర) రెండూ పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరిన గుజ్జుతోనే చేస్తారు. కుర్మాలు, పనీర్ కూరలు జీడిపప్పు ముద్దతో చిక్కబడతాయి. వడ్డించే అబ్బాయిని "పల్లీ ఉందా?" అంటే లేదనేస్తాడు, అతనికి తెలియకపోవచ్చు. "పల్లీ తింటే మా బాబుకి ఊపిరాడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి, వంటాయన్ని అడిగి చెప్పండి" అనండి. అప్పుడు నిజంగా వెళ్లి అడుగుతారు. డాక్టర్ రాసిచ్చిన మందు గదిలో కాదు, మీ సంచిలో ఉండాలి.

కడుపు తేడా చేస్తే?

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి, ఒక ప్యాకెట్ మొత్తం, దాని మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని కాచి చల్లార్చిన నీళ్లలో (పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరు). కొంచెం కొంచెంగా పొడి వేసి కలపడం తప్పు. ఒకసారి కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ఓఆర్ఎస్ అన్న పేరుతో తియ్యటి డ్రింకులు అమ్మేవారు. హైదరాబాద్‌కే చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దానిమీద పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరుని అలాంటి డ్రింకుల మీద వాడొద్దని ఆదేశించింది. ఆమెకి ప్రతి తల్లీ రుణపడి ఉంది. వాంతులు ఆగకపోయినా, మూత్రం తగ్గినా, పిల్లాడు మగతగా ఉన్నా ఊరు చూడటం ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

బిల్లులో సర్వీస్ చార్జ్ వేస్తే కట్టాలా?

అక్కర్లేదు. జీఎస్టీ వేరు, అది మామూలు రెస్టారెంట్లలో 5 శాతం, కట్టాలి. సర్వీస్ చార్జ్ బలవంతంగా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. మర్యాదగా తీసేయమనండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. పిల్లలు మెతుకులు పోసిన టేబుల్ తుడిచిన అబ్బాయి చేతిలో మాత్రం ఎంతో కొంత పెట్టండి.

పిల్లలు ఎక్కడికెళ్లినా ఏమీ తినకపోతే?

మొదటి రెండు రోజులు మామూలే. ప్రయాణం, కొత్త చోటు, జనం. బలవంతంగా కుక్కొద్దు. రోజుకి ఒక్క పూటైనా వాళ్లకి తెలిసిన తిండి ఉండేలా చూడండి, పెరుగన్నమో ఇడ్లీయో. వచ్చిన రోజు రాత్రి అలసిపోయి ఉంటే బయటికి వెళ్లనే వద్దు, దగ్గరి హోటల్ నుంచి గదికి తెప్పించుకోండి.

తర్వాత సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌కి తీసుకెళ్లండి. 1935లో కట్టిన రాతి కట్టడం, గాంధీభవన్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. అక్కడ పాత ఐస్‌క్రీమ్ దుకాణాలున్నాయి, బయట కుర్చీలేసి కప్పుల్లో ఇస్తారు. వేసవిలో మామిడి, చలికాలం మొదట్లో సీతాఫలం. సీతాఫలం గుజ్జు నిండుగా ఉంటుంది, గింజ తగిలితే తీసేయాలి. ఒంగోలు నుంచి వచ్చిన మా మేనల్లుడు మూడు రోజులు ఏమీ తినకుండా అందరినీ ఏడిపించి, అక్కడ రెండు కప్పులు తిని, ఇంటికొచ్చి పప్పన్నం అడిగి తిన్నాడు.

ఊళ్లో వాళ్లకి బిర్యానీ పార్సిల్ తీసుకెళ్లొచ్చా?

వద్దు. విజయవాడకి కార్లో వెళ్లినా అయిదు గంటలు, ఒంగోలు, తిరుపతి ఇంకా ఎక్కువ. మాంసం, అన్నం కలిసిన వేడి డబ్బా మూత బిగించి అంతసేపు ఉంచితే ఇంటికెళ్లాక వాసన బాగానే ఉన్నా లోపల పాడై ఉండొచ్చు. ముసలివాళ్లకీ పిల్లలకీ అది పెట్టకూడదు. రైల్లో తినడానికి కూడా ఎక్కేముందు కట్టించుకున్న ఇడ్లీ, పూరీ రెండు గంటల లోపు తినేసి, తర్వాత పండ్లు, బిస్కెట్లతో సరిపెట్టండి.

ఊరికి పట్టుకెళ్లడానికి మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు ఉన్నాయి. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన కుటుంబం 1953లో పెట్టిన బేకరీ అది. నాంపల్లి సుభాన్ బేకరీలో ఉస్మానియా బిస్కెట్లు ఆ రోజువే అడిగి తీసుకోండి. రెండు డబ్బాలు కొని, ఒకటి సూట్‌కేసులో అడుగున పెట్టండి. పైన పెట్టినది మీ ఊరు చేరదు, దార్లోనే పిల్లలు ఖాళీ చేస్తారు.